పదిహేనో మనిషికి పందిరి

జగ్గయ్యపేటకు భవిష్యత్తు మార్చి నెల రెండో మంగళవారం ఉదయం ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలకు వస్తుందని కోటిలింగం గారు కరపత్రాలు వేయించి పంచారు. ఇంకాస్త ముందే వచ్చేదిగానీ వర్జ్యం అడ్డొచ్చింది. తీరా ఆ రోజున భవిష్యత్తు ఎక్కిన లారీ, ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ముప్పావుగంట ఆగిపోయింది. అయినా జనం ఓపిక పట్టారు. ఇన్నేళ్లు ఆగినవాళ్లకు ముప్పావుగంట ఒక లెక్క కాదు.

కోటిలింగం గారు పేటలో పేరున్న మిర్చి వ్యాపారి. సొంతంగా కోల్డ్ స్టోరేజీ, చందర్లపాడు దగ్గర పన్నెండెకరాల మిరప తోట ఉన్నాయి. కిందటేడు హైదరాబాదులో ‘రాబోయే ముప్పై ఏళ్లలో ప్రపంచం’ అనే సదస్సును ఆయన మూడు రోజులపాటు ఏసీలో కూర్చుని విన్నారు. అప్పటినుంచి వర్తమానాన్ని పట్టించుకోవడం మానేశారు. అక్కడ మెడలో వేసిన బ్యాడ్జీని స్నానానికి తప్ప తీయలేదు. దుకాణంలో ఎవరైనా ఇవాళ్టి ధర అడిగితే, అది చిన్నవాళ్లు అడిగే ప్రశ్న అన్నట్టు గుమాస్తా వైపు చూసేవారు.

దేవమణి ఆ తోటలో కాయలు కోసే ముఠాకు పెద్ద. ఆమెతో కలిపి మొత్తం పద్నాలుగు మంది ఆడవాళ్లు. ఆమెకు భవిష్యత్తుతో తగాదా ఏమీ లేదు. ఆమెకు కావలసింది గట్టు మీద ఒక పందిరి. నాలుగు కర్రలు, పైన తాటాకులు, కింద ఒక నీళ్ల కుండ. కిందటి ఏప్రిల్లో ఆమె తోడికోడలు గ్రేసీ కాయలు కోస్తూ కోస్తూ సాలులోనే కుప్పకూలింది. వడదెబ్బ. నందిగామ ఆసుపత్రిలో నాలుగు రోజులుంచారు. బతికి బయటపడిందిగానీ అప్పట్నుంచి మిట్టమధ్యాహ్నం ఎండ తగిలితే కళ్లు తిరుగుతున్నాయి. పనిలోకి రాకపోతే ఇల్లు గడవదు. ఈసారి పడితే లేవదేమోనని దేవమణికి లోపల దిగులు.

అందుకే ఈ ఏడు కోతలు మొదలవకముందే ఆమె పేటకు వెళ్లి షావుకారు వాకిట్లో నిలబడింది.

“షావుకారుగారూ, గట్టు మీద పందిరొకటి ఏయించండి. గ్రేసీని చూస్తంటే భయమేస్తందండి.”

“దేవమణీ, ప్రపంచం ఎటు పోతోందో నీకేమైనా తెలుసా?” అని ఆయన అడిగారు.

తెలియదంది. ఆయన దయతలచి చెప్పారు. జపానులో ముసలివాళ్లు పెరిగిపోతున్నారట. చైనాలో పిల్లలు తగ్గిపోతున్నారట. ధ్రువాల దగ్గర మంచు కరిగిపోతోందట. భూమి ఏటికేడాది వేడెక్కుతోందట, ఇక ముందు మనుషులు బయట పనిచేయడం కష్టమట. ఇదంతా ఆయన వరండాలో ఫ్యాను కింద కూర్చుని గంటసేపు వివరించారు. భూమి వేడెక్కుతున్న సంగతి దేవమణి వాకిట్లో ఎండలో నిలబడి వింది. పందిరి సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఫిబ్రవరిలో కెమెరాలు వచ్చాయి. హస్తవాసి టెక్నాలజీస్ అనే కంపెనీ మిరపకాయలు కోసే యంత్రాన్ని తయారుచేస్తోంది. దానికి చేతులు కుదిరాయిగానీ పని కుదరలేదు. కనుక పని తెలిసిన చేతుల్ని చూసి నేర్చుకోవాలి. కంపెనీ ఇంజనీరు అనిల్‌కుమార్ పద్నాలుగు మంది నుదుళ్లకూ తలా ఒక చిన్న కెమెరా బిగించి, “ఇక మీరు కూలీలు కాదాంటీ, డేటా భాగస్వాములు” అని ప్రకటించాడు. హోదా మారింది కాబట్టి కూలి మార్చాల్సిన అవసరం రాలేదు.

మొదట్లో చిన్న పొరపాటు జరిగింది. ఫొటో తీసేటప్పుడు కదలకూడదని ముఠాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అందరూ క్రిస్మస్ చీరలు కట్టుకుని, పౌడర్లు రాసుకుని వచ్చి, ఒకరికెదురుగా ఒకరు చేతులు కట్టుకుని నిలబడి మూడు రోజులపాటు కదలకుండా నవ్వారు. ఆ వీడియోలు పెట్టి పాఠం చెబితే, కంపెనీ ఆఫీసులో ఉన్న యంత్రం మిరపచెట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడిందట.

అనిల్‌కుమార్ పరుగున వచ్చాడు. “ఆంటీ, కెమెరా ఉందన్న సంగతే మర్చిపోండి. రోజూ తోటలో ఏం చేస్తారో అదే చేయండి. మీరు చేసే ప్రతిదీ జ్ఞానమే!”

అప్పటిదాకా వాళ్లు చేసేదాన్ని పని అన్నవాళ్లున్నారు, అదేం పని అన్నవాళ్లున్నారు. జ్ఞానమని ఎవరూ అనలేదు. ముఠా పొంగిపోయి, ఏదీ దాచుకోకుండా జ్ఞానం పంచింది. పండుకాయను తొడిమతో సహా మెలిపెట్టి తీయడం. రంగు తేలిపోయిన తాలుకాయను పక్కన పడేయడం. షావుకారు గట్టు మీద కనిపిస్తే చేతులు రెండింతలు ఆడించడం, ఆయన కారెక్కగానే నడుం పట్టుకుని నిటారుగా లేచి ఒళ్లు విరుచుకోవడం. కొత్తవాళ్లెవరైనా తోటలో అడుగుపెడితే కాళ్లకు అడ్డంగా దోసెడు కాయలు పోసి, ఏదో ఒకటి చేతిలో పెట్టేదాకా దారివ్వకపోవడం. ఈ చివరిది ముఠాల పాత ఆచారం. నవ్వుతూ అడుగుతారు, నవ్వుతూ ఇస్తారు. అన్నీ పొల్లుపోకుండా కెమెరాల్లోకెక్కాయి.

ఇబ్బందల్లా ఎండతో వచ్చింది. నెలాఖరుకి పదకొండయ్యేసరికల్లా కెమెరాలు వేడెక్కి ఆగిపోవడం మొదలుపెట్టాయి. అనిల్‌కుమార్ కంపెనీకి ఫోను చేశాడు. గంటలో అనుమతి, మర్నాటికల్లా గట్టు మీద పెద్ద గొడుగు. రోజూ పదకొండింటికి పద్నాలుగు కెమెరాలూ విప్పి, గొడుగు కిందికి తీసుకుపోయి, తడిగుడ్డ కప్పి పడుకోబెట్టేవాడు. మళ్లీ మూడింటికి లేపేవాడు. ఆ నాలుగు గంటలూ ముఠా ఉత్త నుదుళ్లతో కాయలు కోసేది.

“బాబూ, ఆ గొడుగు కింద కాసేపు తలకాయొక్కటీ పెట్టుకోనా?” అని గ్రేసీ ఒకరోజు అడిగింది.

అనిల్‌కుమార్ మంచి మనిషి. “లెన్సులు చాలా ఖరీదైనవాంటీ” అని నొచ్చుకుంటూనే చెప్పి, కెమెరాల మీద తడిగుడ్డ సర్దాడు.

ఇక ఆ మంగళవారం లారీ దిగిన భవిష్యత్తు సరాసరి తోటకు వచ్చింది. నాలుగు చక్రాలు, రెండు పొడుగాటి చేతులు, పైన బుర్రలాంటిదొకటి. బుర్రకు కుంకుమ పెట్టారు. చక్రాలతో నిమ్మకాయలు తొక్కించారు. కోటిలింగం గారు దానికి ‘కృషిరత్న’ అని నామకరణం చేశారు. ముఠా మాత్రం తమ లెక్క ప్రకారం ‘పదిహేనో మనిషి’ అంది. ఆ పేరే నిలిచింది.

షామియానా కింద పెద్దలంతా కూర్చున్నారు. భావి ధోరణుల సలహా సంఘం అధ్యక్షుడు కిషోర్ గారు ముఖ్య అతిథి. యంత్రం సాలులో దిగి కాయను పట్టుకుని, మెలిపెట్టి, తొడిమ చెక్కుచెదరకుండా లాగింది. జనం ఆహా అన్నారు. గట్టున నిలబడ్డ దేవమణి తన వేళ్ల వంక చూసుకుంది. ఆ మెలిక తనది. ఇరవై ఎనిమిదేళ్లుగా తన వేళ్లకు మాత్రమే తెలిసిన మెలిక అది.

“అక్కా, మన పని పోద్దా?” అంది గ్రేసీ.

“ముందు నువ్వు ఆ చెట్టు మాటున కూకో” అంది దేవమణి. మిరపచెట్టు మాటు నడుమెత్తు కూడా ఉండదు. అయినా గ్రేసీ కూర్చుంది.

కిషోర్ గారు దగ్గరనుంచి చూద్దామని సాలులో అడుగుపెట్టారో లేదో, పదిహేనో మనిషి గిర్రున తిరిగొచ్చి ఆయన కాళ్లకు అడ్డంగా దోసెడు కాయలు పోసి చెయ్యి చాచింది. ఆయన కుడికి జరిగితే అదీ కుడికి జరిగింది. ఎడమకు జరిగితే ఎడమకు. అనిల్‌కుమార్ ల్యాపుటాపులో ఎన్ని నొక్కినా కదల్లేదు. చివరికి ఆయన ఐదువందల నోటు పెడితే దారిచ్చింది. ముఠా పైట కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇలాగే చేతులు చాచినందుకు కిందటేడు ఒక బ్యాంకు మేనేజరు, అడుక్కునే అలవాటు మానరా అని వాళ్లను కసిరాడు. కిషోర్ గారు మాత్రం కళ్లు చెమర్చగా, “యంత్రానికి సంస్కృతి అబ్బింది!” అన్నారు.

సరిగ్గా పదకొండు గంటలకు యంత్రం పని ఆపేసింది. దానికదే సాలు దాటి, గట్టెక్కి, గొడుగు కిందికి పోయి తల వంచుకుని నిలబడింది. పదకొండు దాటాక తోటలో ఏం జరుగుతుందో దానికి ఎవరూ చూపించలేదు. దాని చదువు గొడుగు దగ్గర ఆగిపోయింది.

“చూశారా!” అని కిషోర్ గారు మైకు అందుకున్నారు. “ఇంత ఎండలో పనిచేయడం అమానుషమని ఒక యంత్రం మనకు గుర్తుచేసింది. దీనికి తక్షణం నీడ కల్పించకపోతే చరిత్ర మనల్ని క్షమించదు!”

చరిత్రంటే కోటిలింగం గారికి భయం. రెండు రోజుల్లో గట్టు మీద ఇనుప స్తంభాలు లేచాయి. రేకుల కప్పు, దానిమీద ఆకుపచ్చ వల, రెండు ఫ్యాన్లు, యంత్రాన్ని చల్లబరచడానికి ఒక మినరల్ వాటర్ డ్రమ్ము. ‘కృషిరత్న విశ్రాంతి మందిరం, ఇతరులకు ప్రవేశం లేదు’ అని బోర్డు.

దేవమణి మళ్లీ షావుకారు దగ్గరికి వెళ్లింది. “అన్నం తినే ఏళకన్నా అందులో ఓ మూల కూకుంటామండి.”

కోటిలింగం గారు అన్యాయం చేసే మనిషి కాదు. కంపెనీని కనుక్కున్నారు. మనుషుల ఊపిరిలో తేమ ఉంటుందనీ, అది యంత్రం సెన్సార్లకు మంచిది కాదనీ కంపెనీ జవాబిచ్చింది.

“నా చేతులు చూసేగదండీ అది నేర్చుకుంది? మరి నా చేతులకి నీడొద్దా?”

“నీకేం దేవమణీ, నువ్వు మనిషివి. తట్టుకుంటావు” అన్నారాయన మనస్ఫూర్తిగా మెచ్చుకుంటూ.

ఆ మాటలోంచే ఆయనకు అసలు ఆలోచన పుట్టింది. పొద్దున చల్లటి వేళ, సాయంత్రం చల్లటి వేళ యంత్రం కోస్తుంది. పదకొండు నుంచి మూడు దాకా తోట ఖాళీగా ఉంటుంది గనుక ఆ నాలుగు గంటలూ ముఠాకే. యంత్రాలొస్తే ఉపాధి పోతుందన్న ప్రపంచవ్యాప్త భయానికి చందర్లపాడులో ఇలా పరిష్కారం దొరికింది.

ఈ సంగతి లోకానికి చాటడానికి ఏప్రిల్లో తోటలోనే అభినందన సభ పెట్టారు. నందిగామ నుంచి విలేకరులొచ్చారు. షామియానా కింద నూట ఇరవై కుర్చీలు, మనకూ ఒకటి దొరికింది. కుర్చీలు చాలక ముఠా బయట నిలబడింది. కోటిలింగం గారు బ్యాడ్జీ సవరించుకుని మాట్లాడారు. “యంత్రం మనిషి పని లాక్కుంటుందన్నవాళ్లకు ఇదే నా జవాబు! యంత్రం చేయలేని గంటలన్నీ మా ఆడపడుచులవే! ఆ గంటల్లో వాళ్లకు పోటీ ఎవరూ లేరు, ఇక ముందు కూడా ఉండరని హామీ ఇస్తున్నాను!”

తర్వాత దేవమణిని వేదిక మీదికి పిలిచి, ‘తొలి గురువు’ బిరుదిచ్చి, నలభై మూడు డిగ్రీల ఎండలో ఉన్ని శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆమె మైకు వంక కాకుండా బయట నిలబడ్డ గ్రేసీ వంక చూసింది. గ్రేసీ పక్కనున్నామె భుజం పట్టుకుని నిలబడి ఉంది.

దేవమణి శాలువా తీసి కోటిలింగం గారి చేతిలో పెట్టింది.

“ఇది నాకొద్దండి. నాలుగు కర్రలు పాతి గట్టు మీద కట్టించండి. గ్రేసీ దాని కింద కూకుంటది.”

ఎంత చమత్కారంగా మాట్లాడిందో అని అందరం చప్పట్లు కొట్టాం. కిషోర్ గారైతే పల్లె మనసులోని హాస్యమంటూ లేచి నిలబడి కొట్టారు. విలేకరులు రాసుకున్నారు. శాలువాను కోటిలింగం గారు జాగ్రత్తగా మడిచి, తర్వాతి సన్మానానికి పనికొస్తుందని గుమాస్తాకిచ్చారు.

ఇంతలో పదకొండయింది. పదిహేనో మనిషి మందిరంలోకి వెళ్లింది. దానికి ఫ్యాన్లు వేశారు. దేవమణి సంచి అందుకుని సాలులోకి దిగింది. ఆమె వెనకే గ్రేసీ.

మనం భోజనాలకు లేచాం. షామియానా కింద గాలి బాగానే ఆడుతోంది. గోంగూర పచ్చడి అదిరిందని, ఈ తోట కాయల కొత్త కారం కావడంతో రంగు, ఘాటు రెండూ కుదిరాయని అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. ఆ కాయలు ఏ వేళప్పుడు కోసినవో అని ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు.