సిస్టర్ బాగ్స్ గిన్నె

శుక్రవారం పొద్దున అందరికంటే ముందు స్కూలు బోర్డు ఆఫీసు మెట్ల మీద ఉండాలని ఇమోజీన్ టాల్బర్ట్ బుధవారం కాఫీ తాగుతూనే నిశ్చయించుకుంది. తన కూతురు తమైరా చదివే బడి పరీక్షల్లో ఏటేటా వెనకబడుతోందని, కాబట్టి కావలసినవాళ్ళు పిల్లల్ని వేరే బడికి మార్చుకోవచ్చని, లేదంటే ఉన్న బడిలోనే ఉంచి ఉచితంగా ట్యూషన్ పెట్టించుకోవచ్చని బోర్డువాళ్ళు ఇంటింటికీ కబురు పంపారు. అందుబాటులో ఉన్న మంచి బడి హాలిస్ పార్క్ ఒక్కటే. అక్కడ ఖాళీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ముందు వచ్చినవాళ్ళకే ఇస్తారు. అందుకని ఇమోజీన్ వేసుకున్న పథకంలో మొదటిది తెల్లవారకముందే లేవడం, రెండోది నోరు మూసుకుని ఉండడం.

ఆ రెండోది ఆమెకు అలవాటు లేని పని. అమెరికాలోని మెంఫిస్‌లో ఆమె ఇంటి ముందుగదే బ్యూటీ పార్లర్. అక్కడ కూర్చుని జడలు అల్లించుకునేవాళ్ళ గుట్లన్నీ ఆమె కడుపులో భద్రంగా ఉండేవి. తన గుట్టు మాత్రం ఒక్క పూట కూడా నిలిచేది కాదు. ఈసారి నిలిచి తీరాలి. తమైరాకు తొమ్మిదేళ్ళు. పోయిన ఏడు ఆ తరగతికి నలుగురు టీచర్లు మారారు. ఒకరోజు పిల్ల తన బొమ్మకు కథ చదివి వినిపిస్తుంటే ఇమోజీన్ తలుపు చాటు నుంచి వింది. పిల్ల పేజీలో ఉన్నదొక్క ముక్కా చదవడం లేదు, పుస్తకంలోని బొమ్మలు చూసి సొంతంగా అల్లేస్తోంది. కథ బాగానే ఉంది, అది వేరే సంగతి. ఇమోజీన్‌కు మాత్రం గుండె జారిపోయింది.

బుధవారం సాయంత్రం చర్చిలో ప్రార్థన కూటానికి వెళ్ళింది. సీటు దొరకాలంటే దేవుడికి చెప్పుకోవాలి, సంఘానికి మాత్రం తెలియకూడదు. అందుకు చర్చిలో ఒక మార్గం ఉండనే ఉంది. బయటికి చెప్పుకోలేని మనవి ఉన్నవాళ్ళు ఊరికే చెయ్యెత్తితే చాలు, ఏమిటని ఎవరూ అడగరు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. పాస్టరుగారు పిలవగానే ఇమోజీన్ చెయ్యెత్తింది. ఆ రోజు చేతులు మామూలు కంటే ఎక్కువే లేచాయి. ఆగస్టు ఎండలకు అందరికీ ఏవో బాధలు కాబోలనుకుంది.

అయితే వాషింగ్ మెషీన్ చెడిపోయినా లేచి నిలబడి, ఏ మరలో ఏం విరిగిందో వివరంగా చెప్పి మరీ ప్రార్థన చేయించుకునే మనిషి ఇమోజీన్. అలాంటిది మాట్లాడకుండా చెయ్యెత్తిందంటే ఇంక ఆశ వదులుకోవలసిన జబ్బే అయి ఉంటుందని, వెనక బెంచీలో ఉన్న సిస్టర్ ఎర్నెస్టీన్ బాగ్స్ తీర్మానించుకుంది. చర్చిలో ఎవరైనా సొమ్మసిల్లితే తెల్ల యూనిఫారంతో వచ్చి విసనకర్రతో విసిరే నర్సుల బృందానికి ఆమే నాయకురాలు. ఆమె తీర్మానం చేసిందంటే డాక్టరు చెప్పినంత లెక్క.

గురువారం మధ్యాహ్నానికి ఇమోజీన్ వంటింట్లో గిన్నెలు పెట్టడానికి చోటు లేదు. వేపుడు కోడి, కేకులు, చిలగడదుంప హల్వాలు వరసగా వచ్చాయి. అన్నిటికంటే పెద్దది సిస్టర్ బాగ్స్ స్వయంగా మోసుకొచ్చిన మాకరోనీ గిన్నె.

"నాకేం కాలేదు సిస్టర్, రాయిలా ఉన్నాను," అంది ఇమోజీన్.

"అంతేనమ్మా, అట్లాగే అనాలి. మా ఆయన కూడా చివరి రోజు దాకా అదే అన్నాడు," అంది సిస్టర్ బాగ్స్, ఆమె చెయ్యి నిమురుతూ.

నిజం చెప్పేస్తే రోగం పోతుంది, దాంతోపాటు సీటూ పోతుంది. ఇమోజీన్ నోరు నొక్కుకుంది. ఆ మౌనం చూసి వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పార్లర్‌కు రావలసినవాళ్ళు విశ్రాంతి తీసుకోమని ఫోన్లు చేసి మానుకున్నారు. ఒకావిడ మాత్రం, ఇంత బాగా అల్లేవాళ్ళు మళ్ళీ దొరకరని, తన వంతు రాకముందే వచ్చి కుర్చీలో కూర్చుంది.

వచ్చిన గిన్నెలు ఎవరెవరివో తెలిస్తేనే తిరిగి ఇవ్వడం కుదురుతుంది. అందుకే అడుగున పేరు రాసి పట్టీ అంటించడం అక్కడి ఆడవాళ్ళ అలవాటు. పెద్ద గిన్నె దించే చోటు వెతుక్కుంటూ ఇమోజీన్ కూతుర్ని, అడుగున పట్టీ మీద ఏం రాసుందో చదవమంది. తమైరా వంగి పట్టీని చూసింది. లేచి గిన్నెలోకి చూసింది.

"మాకరోనీ," అంది ధీమాగా.

ఆ రాత్రి ఇమోజీన్ రేపు లేవలేనేమోనన్న భయంతో అలారం గడియారాలు రెండు పెట్టుకుంది.

శుక్రవారం ఇంకా వెలుతురు రాకముందే తలుపు తెరిస్తే, గుమ్మంలో తెల్ల యూనిఫారంలో సిస్టర్ బాగ్స్ నిలబడి ఉంది. కారు స్టార్ట్ చేసే ఉంది. తాను బయల్దేరే వేళ ఆమెకెట్లా తెలిసిందో అడిగే తీరిక ఇమోజీన్‌కు లేదు. ఆసుపత్రికేగా అని అడిగింది. బోర్డు ఆఫీసుకని ఇమోజీన్ చెప్పక తప్పలేదు. సిస్టర్ బాగ్స్ ఒక్క క్షణం ఆలోచించి, తనకూ అటువైపే పని ఉందని కారు ఎక్కించుకుంది.

ఆఫీసు ముందు అప్పటికే వరస మూల తిరిగింది. అందులో చాలామంది ప్రార్థన కూటంవాళ్ళే. ఇమోజీన్ నీరుగారిపోయింది. సిస్టర్ బాగ్స్ మాత్రం ఆమె మోచెయ్యి పట్టుకుని, పాపం ఈమెకు ఎక్కువ టైము లేదు, కాస్త దారివ్వండి అంటూ వరస వెంట నడిపించుకుపోయింది. తెల్ల యూనిఫారం చూసి తెలియనివాళ్ళు తప్పుకున్నారు, తెలిసినవాళ్ళు జాలిగా టోపీలు తీశారు. తప్పని తెలుసు ఇమోజీన్‌కు. బొమ్మకు కథ చెప్పే పిల్ల కళ్ళముందు మెదిలింది. తల వంచుకుని, కాస్త కాలీడుస్తూ కూడా నడిచింది.

కిటికీ దగ్గరి గుమాస్తా చాలా దయగల మనిషి. తమైరా తరగతికి హాలిస్ పార్కులో ఒక్క సీటే ఉందన్నాడు. ఇమోజీన్ ముఖం వెలిగింది. అతను ఆమెనూ యూనిఫారాన్నీ చూసి గొంతు తగ్గించాడు.

"మీ ఆరోగ్యం ఇట్లా ఉంటే పిల్లను అంత దూరం ఎందుకమ్మా? బస్సులో గంట ప్రయాణం. ఏ మధ్యాహ్నమో కబురు చెయ్యాల్సి వస్తే ఎట్లా? దగ్గర్లోనే ట్యూషన్ రాస్తాను. ఆ సీటు ఇంకెవరికైనా ఇద్దాం."

కలం అప్పుడే ట్యూషన్ గడి వైపు కదిలింది.

"నాకు జలుబు కూడా లేదు బాబూ," అంది ఇమోజీన్, వరస చివరిదాకా వినపడేంత గట్టిగా. "బుధవారం నేను చెయ్యెత్తింది ఈ సీటు కోసమే."

వరస మధ్యలోంచి సంఘపెద్ద ఒకాయన టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే వెనక్కొచ్చి నిలబడు సిస్టర్. మేమూ దానికే ఎత్తాం."

సిస్టర్ బాగ్స్ ఇందాకటి నుంచి పట్టుకున్న మోచేతిని అప్పుడు వదిలింది. ఇమోజీన్ పక్కకు జరగగానే కిటికీ ముందు మిగిలింది ఆమే.

"నా మనవరాలు జెనీవా. అదే తరగతి," అంది గుమాస్తాతో.

ఇమోజీన్ వంతు మళ్ళీ వచ్చేసరికి ట్యూషన్ తప్ప ఏమీ లేదు. సిస్టర్ బాగ్స్ ముందే అనుకుని చేసిందా, అవకాశం వస్తే వాడుకుందా అన్నది ఆమెకు ఎప్పటికీ తేలలేదు. మిగతా గిన్నెలన్నీ కడిగి ఎవరివి వాళ్ళకిచ్చింది. మాకరోనీ గిన్నె మాత్రం అటక మీద పెట్టింది.

ట్యూషన్ చర్చి కింది గదిలోనే. చెప్పడానికి వచ్చినవాడు పోయిన ఏటి నలుగురు టీచర్లలో చివరివాడు, పర్విస్. అతన్ని చూసి ఇమోజీన్ వెనక్కి వెళ్ళిపోబోయింది. బడిలో గదినిండా పిల్లల మధ్య తమైరా పేరైనా సరిగ్గా పలకని మనిషి, ఇక్కడ నలుగురు పిల్లలే ఉండేసరికి పక్కన కూర్చుని ఒక్కో మాటా వేలు పెట్టి చదివించాడు. బొమ్మలున్న పుస్తకాలు మాత్రం తీసి దాచేశాడు.

నవంబరులో చర్చి విందు జరిగింది. వండిన ఆకుకూర ఇమోజీన్ గిన్నెల్లో పట్టలేదు. అటక మీదిది దించింది. నిండుగా ఉన్న గిన్నె అడుగు ఎవరు చూస్తారు? విందులో సిస్టర్ బాగ్స్ ఎదురుగానే కూర్చుని, జెనీవా బస్సులో నిద్రపోయి రోజూ చివరి స్టాపు దాకా వెళ్తోందని వాపోయింది. ఆకుకూర రెండుసార్లు వేయించుకుంది.

గిన్నె ఖాళీ అయింది. తీసుకెళ్దామని ఎత్తిన తమైరా, అడుగున పట్టీ చూసి ఆగింది. ఈసారి గిన్నెలోకి చూడలేదు.

"ఈ గిన్నె... ఎర్నెస్టీన్ బాగ్స్‌ది," అంది వేలు పెట్టి, హాలంతా వినపడేలా. "దయచేసి... తిరిగి... ఇవ్వండి."

ఇమోజీన్ ముఖం మండిపోయింది. అదే సమయానికి కళ్ళు కూడా నిండిపోయాయి. సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియక ఆమె అలాగే కూర్చుంది. సిస్టర్ బాగ్స్ గిన్నెనూ తల్లినీ మార్చి మార్చి చూసి, చివరికి పిల్ల వైపు తిరిగింది.

"ఏదీ, ఇంకోసారి చదువు తల్లీ."

తమైరా ఈసారి ఎక్కడా ఆగకుండా చదివింది. ఇమోజీన్ లేచి గిన్నె కడగడానికి వెళ్ళింది.