ఆవిడ చెయ్యి, ఆరు తీగలు

…చప్పుడు చెయ్యని వాద్యం ఏదైనా ఉందంటే అది ఎలక్ట్రిక్ గిటారే, వైరు తగిలించనంతవరకూ, అనుకున్నాడతను పళ్ళు తోముకుంటూ. మామూలు గిటారుకి పొట్ట డొల్ల. వేలు తగిలితే చాలు, ఇల్లంతా చెప్పేస్తుంది. దీని పొట్ట నిండా చెక్క. ఒళ్ళో పెట్టుకుని తలుపేసుకుంటే పక్కగదికి కూడా వినపడదు. కడుపులో మాట కడుపులోనే దాచుకునే మనిషిలాంటిది. తనలాంటిది.

ఆ రోజు పథకం చిన్నదే. మధ్యాహ్నం విరామంలో షాపుకి వెళ్ళాలి. మధ్యరకం ధరలో, మెత్తటి పాటకీ గట్టి పాటకీ పనికొచ్చే గిటారు ఒకటి ఎంచుకోవాలి. తెచ్చి, పనిచేసే ల్యాబులో బీరువా వెనక దాచెయ్యాలి.

అతను కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఆ పనిలో గొప్పతనమంతా ఎవరి కంటా పడకపోవడంలోనే ఉంది. "నీ పళ్ళు భలే ఉన్నాయే" అని ఎవరైనా మెచ్చుకున్నారంటే అవి కుదరలేదన్నమాటే. ఇన్నేళ్ళూ కనపడకపోవడమే పనిగా బతికిన మనిషికి ఎందుకో గిటారు మీద మనసు పడింది. పళ్ళకి వాడే సన్నటి స్టీలు తీగలు ఆరింటిని ఒక చెక్కపట్టీ మీద బిగించి, సొరుగులో దాచి, ఎవరూ లేనప్పుడు వేళ్ళు పెట్టడం నేర్చుకున్నాడు. చెక్కపట్టీ పలకదు. కాబట్టి తను వాయించేది ఎలా ఉంటుందో లోకానికే కాదు, అతనికీ తెలియదు.

షాపులో, జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది. గిటారొకటి దించి చూపించింది.

"ఈ బడ్జెట్‌లో ఇదైతే అన్నిటికీ ఆడుతుందంకుల్. ఈ స్విచ్ ఇటు పెడితే అమ్మ మాట్లాడినట్టు మెత్తగా ఉంటుంది. అటు పెడితే అత్తగారు. మధ్యలో పెడితే ఇద్దరూ కూడబలుక్కున్నట్టు. ఈ గుండీ పైకి లాగారనుకోండి, లావు గొంతు సన్నబడుతుంది. ఇదిగో, వాయించి చూడండి."

షాపులో ఇంకా ముగ్గురున్నారు. ముగ్గురూ ఇటే చూస్తున్నారని అతనికి అనిపించింది. నిజానికి ఒకాయన గోడ గడియారం చూసుకుంటున్నాడు.

"నాక్కాదు. మా ఆవిడకి" అన్నాడు.

చిన్న అబద్ధం. దాని పని అయిపోగానే అదే పోతుందనుకున్నాడు. కానీ ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

"ఆంటీకా? అయితే ముందు నెక్, అదే, ఎడం చేత్తో పట్టుకునే ఈ మెడ సంగతి చూడాలి. చేతిని బట్టి నెక్. ఇది పలచన, అదేమో గుండ్రం. ఆంటీని తీసుకురండి."

"తెలియకుండా కొనాలని."

"అబ్బ, ఎంత బాగుందో. పోనీ చేతి కొలత తెండి. కొలత లేకుండా మాత్రం ఇవ్వను. ఆంటీ చెయ్యి నొప్పెడితే ఆ పాపం నాకొద్దు."

అతను తలూపి బయటపడ్డాడు. గుండ్రటి నెక్ ఉన్నదాన్ని వెళ్తూ వెళ్తూ ఒక్కసారి తాకాడు. ఎక్కడో బాగా ఎరిగున్నదాన్ని ముట్టుకున్నట్టుంది. ఎక్కడో మాత్రం తట్టలేదు.

కొలత అంటే ఎవరైనా టేపు పట్టుకెళ్తారు. అతనికి కొలత అంటే అచ్చు. సాయంత్రం ల్యాబునుంచి గులాబీరంగు పొడి పొట్లం కట్టి ఇంటికి తెచ్చాడు. నీళ్ళలో కలిపి నోట్లో పెడితే పళ్ళ అచ్చు వస్తుంది. చెయ్యి పెడితే చెయ్యి వస్తుంది.

భార్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజంతా పక్కసీట్లో, తన వైపున్న బ్రేకు మీద కాలుంచి కూర్చుని, స్టీరింగు పట్టుకుని వణికేవాళ్ళకి ధైర్యం చెప్పి ఇంటికొస్తుంది. అతను బేసిన్‌లో గులాబీ ముద్ద కలుపుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏంటండీ ఇది?"

"ల్యాబుకి కొత్త పొడి వచ్చింది. పరీక్ష చెయ్యాలి. ఎడం చెయ్యి ఒకసారి ఇందులో పెట్టు. గేరు పట్టుకున్నట్టు వేళ్ళు వంచు."

"పళ్ళ పొడిని చేతి మీద పరీక్ష చేస్తారా?" అని ఆగింది. చెయ్యి చూసుకుంది. ఉంగరపు వేలికున్న ఉంగరం ఏనాడో బిగుసుకుపోయింది. ఆమె ఇంకేమీ అడగకుండా వెళ్ళి, సబ్బు రాసి దాన్ని ఊడబెరుక్కుని, చెంపలు కాస్త ఎర్రబడి తిరిగొచ్చింది.

"ఏ వేలు ముఖ్యం?"

"అన్ని వేళ్ళూ ముఖ్యమే" అన్నాడతను, నెక్ గురించి ఆలోచిస్తూ.

"అన్ని వేళ్ళా?"

"బొటనవేలు మరీ ముఖ్యం."

ముద్ద గట్టిపడేదాకా ఆమె కదలకుండా కూర్చుంది. అతను మెత్తగా చెయ్యి బయటకి తీసి, వేళ్ళ సందుల్లో అంటుకున్నది తుడిచాడు. తన చెయ్యి ఇంత శ్రద్ధగా ఎవరైనా పట్టుకుని చాలాకాలమైందని ఆమె అనుకుంది. అతను కూడా అదే అనుకున్నాడు.

మర్నాడు ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి తీశాడు. ఆవిడ చెయ్యే. వంకర చిటికెన వేలితో సహా. దాన్ని ల్యాబు తెల్లడబ్బాలో పెట్టాడు. పక్కనే అలాంటి తెల్లడబ్బాలోనే, ఆ రోజు క్లినిక్కుకి పంపాల్సిన ఒక పెద్దాయన పళ్ళున్నాయి. అతను రెండు డబ్బాలూ మూశాడు. ఒకటి క్లినిక్కు మనిషికిచ్చి, రెండోది చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

షాపు మెట్ల దగ్గర ఫోన్ మోగింది. భార్యకి అక్క.

"ఏం మరిదీ, చేతి అచ్చు తీసుకున్నావట?"

"అదీ వదినా, కొత్త పొడి…"

"పొడి సంగతి మాకు తెలీదా ఏంటి. అయిదు వేళ్ళకీ అయిదు ఉంగరాలట కదా. బొటనవేలికి మరీ ముఖ్యమన్నావట. ఆ ఫ్యాషనేంటో నాకు తెలీదు గానీ, అది పొద్దున్నుంచీ పాటలు పాడుకుంటోంది. రాళ్ళు కాస్త పెద్దవి చూడు."

అతను ఫోన్ నోరు నొక్కి జేబులో పడేసి మెట్టు మీదే కూర్చుండిపోయాడు. సబ్బు రాసి ఉంగరం తీసిన చోట ఆమె వేలి మీద తెల్లటి చార కళ్ళ ముందు మెదిలింది. ఇన్నాళ్ళూ దాచిన డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. గిటారు కొంటే ఆ పాట ఆగిపోతుంది. ఉంగరం కొంటే చెక్కపట్టీ సొరుగులోనే ఉంటుంది. పాటలు పాడుకుంటోందట. ఆమె పాడుతుందని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు మోగుతున్నారన్నమాట. గిటారు వద్దని చెప్పేద్దామని లేచి లోపలికి వెళ్ళాడు.

"తెచ్చారా అంకుల్, ఆంటీ చెయ్యి?" అంటూ అతను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి డబ్బా తెరిచేసింది. కాసేపు చూసింది.

"అంకుల్, ఇవి పళ్ళు."

అతను మూత కోసం చెయ్యి చాపాడు.

"ఆంటీ నోటితో వాయిస్తారా?" ఆమె గొంతులో వెటకారం లేదు. "అలా వాయించేవాళ్ళూ ఉన్నారు. తప్పేం లేదు. కాకపోతే నెక్‌తో పనిలేదు, తీగలు మెత్తటివి వెయ్యాలి."

అప్పుడే బయట డ్రైవింగ్ స్కూల్ కారు ఒకటి రెండుసార్లు ఎగిరి, పేవ్‌మెంట్‌కి అడ్డంగా ఆగింది. స్టీరింగు ముందు చెమటలు కక్కుతున్న శిష్యుడొకడు. పక్క తలుపు తెరుచుకుని భార్య దిగింది. చంకలో తెల్లడబ్బా.

"ఏమండీ, నా చెయ్యి పళ్ళ డాక్టరు దగ్గరేం చేస్తోంది?"

అతను ఆ డబ్బా కేసి, ఈ డబ్బా కేసి చూశాడు.

"అక్కడ ఒక పెద్దాయన పళ్ళ కోసం నోరు తెరుచుకుని కూర్చున్నాడట. డాక్టరు డబ్బా తీస్తే ఇది. మీ ఓనరుకి ఫోటో పంపాడు. మీ ఓనరు చిటికెన వేలు చూసి గుర్తుపట్టాడు. కారు నేర్పినప్పుడు నాలుగు నెలలు ఈ వేలితోనే కదా ఎడమెటో కుడెటో చూపించాను ఆయనకి. మీరు ఫోనెత్తట్లేదని నాకు చేశాడు. మీరెక్కడున్నారంటే, గిటార్ల షాపు అద్దం దగ్గర చూడమ్మా, రోజూ అన్నం మానేసి అక్కడే నిలబడతాడు అన్నాడు."

రోజూ. అంటే ల్యాబంతా చూస్తూనే ఉంది. కనపడకుండా ఉన్నాననుకున్న మనిషికి చెవులు వేడెక్కాయి.

"ఆంటీ వచ్చేశారా, ఇక కొలతెందుకు?" అంటూ పెన్సిల్ ముడి అమ్మాయి ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి, గుండ్రటి నెక్ గిటారు ఒళ్ళో పెట్టేసింది. "అంకుల్ మీకోసమే రెండ్రోజుల్నుంచి తిరుగుతున్నారు."

భార్య గిటారు వంక చూసింది. ఉంగరం లేని వేలు చూసుకుంది. తర్వాత మొహం సర్దుకుని, "నాకా? బావుందండీ" అంది. వణికే శిష్యుడికి 'బాగా తోలారు' అని చెప్పే గొంతు అది.

అతను తలూపితే సరిపోయేది. గిటారు ఆమె పేరున ఇంటికొచ్చేది, ఆమె లేనప్పుడు మూగగా వాయించుకోవచ్చు. కానీ ఆ సర్దుకున్న మొహం చూడలేకపోయాడు. ఏం చెప్పాలో తెలియనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. పక్కన నిలబడి ఆమె ముంజేతి మీద చెయ్యి వేశాడు. వేళ్ళు కదులుతున్నాయి.

పెన్సిల్ ముడి అమ్మాయి ముందుకి వంగింది.

"అంకుల్, మీరు ఆంటీ చేతి మీద, గిటారు తీగలు నొక్కినట్టు, సి మేజర్ కార్డ్ పట్టుకున్నారు." ఇంకాస్త చూసింది. "ఇప్పుడు జి కి మారారు. వేళ్ళు కరెక్ట్‌గా ఉన్నాయే."

భార్య తన ముంజేతిని, దాని మీది వేళ్ళని చూసింది. టీవీ చూస్తున్నా, బస్సులో పక్కన కూర్చున్నా ఆ వేళ్ళు అక్కడ అలా నొక్కుతూనే ఉంటాయి.

"అయితే ఇది నరాల జబ్బు కాదా?" అంది నెమ్మదిగా. "అక్క డాక్టరుకి చూపించమని గోల. మీరు భయపడతారని చెప్పలేదు."

"కాదు" అన్నాడతను. "గిటారు నీక్కాదు. నాకు. అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఉంగరం…"

"లేవండి, కాదు, కూర్చోండి" అంటూ ఆమె లేచి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి గిటారు ఒళ్ళో పెట్టింది. అతని వేళ్ళు నెక్ చుట్టూ వెళ్ళాయి. గుండ్రంగా, ఎరిగున్నట్టుగా ఉంది. ఆమె ముంజెయ్యంత.

అమ్మాయి వైరు తగిలించింది. యాంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలిగింది. గిటారు మీద సౌండు గుండీ సున్నా దగ్గరుంది. అతను దాన్ని పట్టుకున్నాడు, తిప్పలేదు.

భార్య ఫోన్ మోగింది.

"ఆ అక్కా. వచ్చింది. కాస్త పెద్దదైంది, మెడకి తగిలించుకోవాల్సొస్తోంది. తర్వాత చెప్తాను." ఫోన్ పెట్టేసి, చెప్పు విడిచి, నేల మీదున్న యాంప్లిఫయర్ స్విచ్ మీద పాదం ఆనించింది.

"కంగారేం లేదండీ. మెల్లగా వదలండి. నా వైపు కూడా ఒక బ్రేకుంది."

అతను గుండీ తిప్పాడు.

కౌంటరు మీద, తెరిచిన డబ్బాలో, పెద్దాయన పళ్ళు మాత్రం మొదటినుంచీ నవ్వుతూనే ఉన్నాయి.