బుల్లబ్బాయి లుంగీ, ఇంగ్లండు అంతర్యుద్ధం

డిగ్రీ కాలేజీల్లో హిస్టరీ గ్రూపు ఎత్తేస్తున్నారని కొందరు పెద్దమనుషులు తెగ బాధపడిపోతున్నారు. నాకైతే అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకున్నంత ఆనందంగా ఉంది! పీడ విరగడైంది. అసలు ఇన్నాళ్ళు ఎందుకు ఉంచారా అనేదే నా సందేహం.

మీరే చెప్పండి. కంప్యూటర్ చదివితే ఉద్యోగం వస్తుంది. కామర్స్ చదివితే కనీసం ఓ షాపు పెట్టుకోవచ్చు. చరిత్ర చదివితే ఏమొస్తుంది? అనుమానాలొస్తాయి! ఇది ఎవరిది, ఎప్పటినుంచి వాళ్ళది, దానికి కాగితం ఉందా? నలుగురిలో అడగకూడని ప్రశ్నలన్నీ ఆ పుస్తకాల్లోనే నేర్పుతారు.

నేను గాలికబుర్లు చెప్పే మనిషిని కాను. కడియం పక్కన మా ఊళ్ళో, నా కళ్ళముందే, ఒక్క పాఠం ఎంత పని చేసిందో చెప్తాను, వినండి.

మా ఊరి నర్సరీల్లో బుల్లబ్బాయి అని ఒక పనివాడున్నాడు. అంట్లు కట్టడంలో అతని తర్వాతే ఎవరైనా. అతను కట్టిన మామిడి అంటు లారీ ఎక్కి ఏ రాజస్థాన్‌లో దిగినా చిగురెయ్యాల్సిందే. రోజుకి వెయ్యి మొక్కలు కవర్లలో పెడతాడు. ఉండేది మాత్రం అద్దె గది. గుమ్మం దిగితే సిమెంటు రోడ్డు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, సొంతానికి ఓ మిరప మొక్క పాతుకుందామంటే జానెడు మట్టి లేదు. అయినా ఇరవై ఏళ్ళు నోరెత్తలేదు. ఎంత చక్కటి మనిషి!

అతని కూతురు పావని. రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది, హిస్టరీ, ఆఖరి సంవత్సరం. ఆ పిల్లకి పాఠం పైకి చదివితే గానీ బుర్రకెక్కదు. పోయిన దసరా సెలవులయ్యాక ఓ రోజు, తండ్రి అన్నం తింటుంటే పక్కన కూర్చుని ఇంగ్లండు అంతర్యుద్ధం అందుకుంది. అనర్థమంతా అక్కడే మొదలైంది.

ఆ పాఠం మీరు విని ఉండరు. అదృష్టవంతులు! పదిహేడో శతాబ్దంలో అక్కడ రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చింది. చివరికి రాజు తల తీసేశారు. సరే, పెద్దవాళ్ళ గొడవ, పెద్దవాళ్ళు చూసుకున్నారు. కానీ ఆ సందట్లో చిన్నవాళ్ళు కూడా లేచారండీ! లెవెలర్లట. పేదవాడి మాటకీ ప్రభువు మాటకీ ఒకే విలువన్నారు. ఇంకో గుంపు లెక్కలు కట్టి, దేవుడి రాజ్యం ఫలానా ఏడాది దిగుతోందని తేల్చేసింది. ఈ రకం వాళ్ళు మన వాట్సాప్‌లో ఇప్పటికీ ఉన్నారు కాబట్టి నాకేం అభ్యంతరం లేదు. క్వేకర్లని మరో మతం వాళ్ళున్నారు. ఎంతటి దొర ఎదురొచ్చినా నెత్తిమీద టోపీ తీసేవాళ్ళు కాదు. దేవుడికి తప్ప ఎవరికీ తీయం అన్నారట. జైలుకైనా పోయారు గానీ టోపీ తీయలేదు!

అందరికన్నా ప్రమాదం డిగ్గర్లు. అంటే తవ్వేవాళ్ళు. భూమి దేవుడు అందరికీ ఉమ్మడిగా ఇచ్చిన సొత్తు అంటూ ఒక బీడు కొండ ఎక్కి, తవ్వి, క్యారెట్లూ చిక్కుళ్ళూ వేశారు. కత్తి పట్టినా అర్థం చేసుకోవచ్చు. చిక్కుళ్ళేంటండీ! 

బుల్లబ్బాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయిందట. "మళ్ళీ చదవమ్మా, ఆ చిక్కుళ్ళ ముక్క" అన్నాడట.

మర్నాడు తెల్లారేసరికి కాలవగట్టు మీద పార పట్టుకుని ప్రత్యక్షం! ముళ్ళకంపా సీసా పెంకులూ తప్ప ఏమీ లేని చోటు. పది గజాలు బాగుచేశాడు. గోంగూర వేశాడు, బెండ వేశాడు, చిక్కుడు పెట్టాడు, ఆనపపాదు ఎక్కించాడు. నర్సరీ పనికి వెళ్ళేముందు గంట, వచ్చాక గంట అక్కడే. ఆ గట్టు మీద ఉన్నంతసేపూ అతని మొహం చూడాలి, పెళ్ళికొడుకులా వెలిగిపోయేది.

మేమెవరం ఏమీ అనలేదు. మాది విశాల హృదయం. పైగా వాకింగుకి అటు వెళ్తే ఉత్త చేతుల్తో రానిచ్చేవాడు కాదు. "తీసుకెళ్ళండి బాబూ, కాలవ నీళ్ళు, గట్టు మట్టి, నాదేముందండి" అంటూ గోంగూర కట్ట చేతిలో పెట్టేవాడు. మూడు నెలలు మా ఇంట్లో గోంగూర కొనలేదు.

మరి తంటా ఎక్కడొచ్చింది? లుంగీ దగ్గర!

మా వైపు ఒక మర్యాద ఉంది. పనిలో ఉన్న మగవాడు లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుంటాడు. పెద్దవాళ్ళెవరైనా ఎదురైతే ఆ మడత కిందికి దించాలి. ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. బుల్లబ్బాయి పనిచేసే నర్సరీ యజమాని వెంకటరాజు గారు బండి మీద గట్టు వెంట వెళ్తుంటే ఆ చివరినుంచి ఈ చివరిదాకా లుంగీలు వరసగా దిగుతాయి. ఎంత చూడముచ్చటగా ఉంటుందనుకున్నారు!

సంక్రాంతి ముందు ఒక పొద్దున్న, ఆ వరసలో ఒక లుంగీ దిగలేదు.

"ఏరా బుల్లబ్బాయ్, కళ్ళు కనపట్టల్లేదా?" అన్నారు రాజుగారు, బండి ఆపి.

"కనపడుతున్నారండి. చేతులు మట్టండి. దించితే లుంగీ పాడైపోద్దండి. మళ్ళీ మా అమ్మాయి ఉతుక్కోవాలండి."

ఎన్ని అండీలో చూశారా! మర్యాదకేం లోటు లేదు. లుంగీ మాత్రం దిగలేదు. మర్నాడు చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా దిగలేదు! నవ్వుతూ నమస్కారం పెట్టాడు, అంతే. డిగ్గరూ క్వేకరూ కలిసి ఒకే మనిషిలో దూరితే వచ్చే జబ్బు ఇది. పది గజాల గోంగూర పండించుకుంటే ఇంత ధైర్యమా?

రాజుగారికి అన్నం సయించలేదు. "ఇవాళ లుంగీ, రేపు నా ఎదురుగా కుర్చీ" అన్నారు. అప్పుడు మా అందరికీ హఠాత్తుగా జ్ఞానోదయమైంది. కాలవగట్టు ప్రభుత్వానిది కదా! ఇరవై ఏళ్ళుగా ఎవరికీ తోచని సంగతి. గట్టు బలహీనమవుతోందనీ, వరదొస్తే ఊరు మునుగుతుందనీ కంప్లయింట్ రాశాం. పదకొండు సంతకాలు. అదే గట్టు మీద ఫర్లాంగు పొడవున రాజుగారి క్రోటన్ల కుండీలు ఉన్న మాట నిజమే. కానీ అవి ఆక్రమణ ఎలా అవుతాయి? అది పచ్చదనం!

సోమవారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. పావుగంటలో పని అయిపోయింది. బుల్లబ్బాయి తిట్టలేదు, అడ్డం పడలేదు. తెగిన చిక్కుడు తీగ ఒళ్ళో వేసుకుని, ఒక్కో కాయా వొలిచి చూశాడు. "ఇంకో పదిరోజులాగితే గింజ ముదిరేదండి. విత్తనానికన్నా మిగిలేదండి" అన్నాడు, ఎవరితోనో తెలీదు. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. ఇంటికెళ్ళి టిఫిన్ చేశాక సర్దుకుంది.

అక్కడితో ఆగితే నేనీ వ్యాసం రాసేవాణ్ణే కాదు. మొన్న ఆదివారం పావని మా ఇంటికొచ్చింది. చేతిలో నోట్‌బుక్కు.

"బాబాయ్ గారూ, ఫైనలియర్ ప్రాజెక్టండి. ఎవరి ఊరి చరిత్ర వాళ్ళని రాయమన్నారండి మా క్రిస్టినా మేడమ్. నేను కాలవగట్టు సంగతి తీసుకున్నానండి. మీ వైపు మాట కూడా ఉండాలన్నారండి."

చరిత్రలో నా మాట! మురిసిపోయి కాఫీ పెట్టించాను.

"కంప్లయింట్ కాపీ తెచ్చుకున్నానండి. మొదటి సంతకం మీదేనాండి?"

"ఊరి మేలు కోరి చేశానమ్మా" అన్నాను. రాసుకుంది.

"జేసీబీ మా ఆనపపాదు దగ్గరికి వస్తూ, దారిలో మీ కారు షెడ్డు తగలకుండా గట్టు దిగి, చుట్టూ తిరిగి మళ్ళీ గట్టెక్కింది కదండి. ఆ షెడ్డు గట్టులోకి ఎన్ని అడుగులుంటదంటారండి? నేను కొలిస్తే పద్దెనిమిది వచ్చిందండి."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "ఇవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నాను.

"ఆ ఇంగ్లండు కొండ మీద చిక్కుళ్ళు కూడా అక్కడి పెద్దమనుషులే పీకించారండి, వాళ్ళ పేర్లు మా పుస్తకంలో లేవండి. తవ్వినోళ్ళ సంగతే ఉందండి. అందుకే ఈసారి నేను పేర్లు జాగ్రత్తగా రాసుకుంటున్నానండి. మీ ఇంటిపేరు కూడా చెప్పండి బాబాయ్ గారూ."

ఎంత మర్యాదో! అచ్చం తండ్రి పోలికే.

కాబట్టి పాలకులకు నా మనవి. హిస్టరీ గ్రూపు ఎత్తేయడం మహత్తరమైన నిర్ణయం. నా సంపూర్ణ మద్దతు మీకుంది. ఒక్కటే చిన్న సవరణ. ఎత్తేసేది జూన్‌లో అంటున్నారు. పావని ప్రాజెక్టు ఏప్రిల్‌లో ఇచ్చేయాలట. మీకు పుణ్యముంటుంది, మార్చిలోనే ఎత్తేయడానికి వీలవుతుందేమో కాస్త చూడండి!