పాముందని మునిగిన బయానా

ఒక పెద్ద అడవిలో దూదమ్మ అనే కుందేలు నిండు చూలాలు. తొలకరి ముంచుకొస్తోంది. పొదలో ఈనితే పిల్లలు వరదపాలే. అందుకే జిత్తన్న అనే నక్క గుట్ట మీదున్న తన పాత బొరియ అమ్ముతానంటే దానికి ప్రాణం లేచొచ్చింది.

పాపం, దానికేం తెలుసు! ఆ బొరియను జిత్తన్న ఇదివరకే ముళ్ళపందికీ, ఉడుముకీ బేరం పెట్టాడు. అమ్మింది మాత్రం ఎవరికీ లేదు. మరి ఎలా బతుకుతున్నాడంటారా? బయానాలు మింగి.

ఆ అడవిలో ఏ బేరమైనా పంచాయతీ పెద్ద గజ్జయ్య అనే ఏనుగు ముందే జరగాలి. షరతులన్నీ పైకి చదివాకే ఎర్రమట్టిలో కాలు ముంచి ముద్ర వెయ్యాలి. జిత్తన్న అన్నీ చదివేవాడు, ఆ మాట కాదనకూడదు. కాకపోతే చివరి షరతు దగ్గరికి రాగానే అందరికీ దోసెళ్ళతో రేగుపళ్ళు పంచేవాడు. అందరూ నములుతూ, గింజలు ఉమ్ముతూ ఉండగా, కొనేవాళ్ళు వెనక్కి తగ్గితే బయానా తిరిగి రాదన్న ముక్క చదివేసేవాడు. గజ్జయ్యగారికి రేగుపళ్ళు ఏ మూలకి? ఆయనకు చెరుకు మోపు. ఆ నమలడంలో పిడుగు పడ్డా ఆయనకు వినపడదు.

దూదమ్మ వేసవంతా ఏరి ఎండబెట్టుకున్న ఇప్పపువ్వులో సగం బయానాగా పోసింది. తొలి మబ్బు పట్టగానే మిగతా సగం మూటగట్టుకుని ఆయాసపడుతూ గుట్టెక్కింది. జిత్తన్న మొహం నిండా జాలి పులుముకుని ఎదురొచ్చాడు.

"చెల్లెమ్మా, నీ మేలు కోరి చెబుతున్నా. ఆ బొరియలో తాతలనాటి నుంచీ ఓ నాగుపాము కాపురముంటోంది. పిల్లల తల్లివి కాబోతున్నావు, ఆపైన నీ ఇష్టం."

దూదమ్మ గుండె జారిపోయింది. ఆ ఇల్లు వద్దు, నా బయానా నాకిచ్చెయ్యమంది. అప్పుడు తీశాడు మహానుభావుడు రేగుపళ్ళ నాటి షరతు. దూదమ్మ ఏడ్చింది, బతిమాలింది, చివరికి మట్టిగొట్టుకుపోతావని తిట్టింది. ముళ్ళపందీ ఉడుమూ కూడా ఇలాగే తిట్టిపోయారు. ఆ తిట్లకే వాడికి ఒళ్ళొచ్చింది.

అడవంతా పాము పాము అని చాటితే ఆ మాట పాముల చెవినా పడుతుందన్న ఇంగితం వాడికి లేకపోయింది. వానకి పుట్ట కరిగిపోయిన ఓ ముసలి నాగు, అది మా తాతల ఇల్లట కదా అనుకుంటూ దర్జాగా వచ్చి బొరియలో చుట్టచుట్టుకుంది.

జిత్తన్న లబోదిబోమంటూ పంచాయతీకి పరిగెత్తాడు. సంగతి తెలిసి దూదమ్మా, ముళ్ళపందీ, ఉడుమూ కూడా తడుచుకుంటూ వచ్చారు. పాముది పాత కాపురమేనా అని గజ్జయ్యగారు అడిగితే, ముళ్ళపందీ ఉడుమూ ముక్తకంఠంతో అవునన్నారు. సాక్షాత్తూ జిత్తన్నే తమతో చెప్పాడన్నారు.

అంతా అబద్ధమనబోయి జిత్తన్న నాలిక కరుచుకున్నాడు. అబద్ధమంటే బెదరగొట్టి మింగిన బయానాలన్నీ కక్కాలి. ఇల్లు పోతే పోయింది, తిన్నదైనా దక్కుతుందని లెక్క వేసుకున్నాడు.

"పాముదేనండీ. తాతలనాటిది" అన్నాడు వినయంగా.

దూదమ్మకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, ఇల్లు పాముదైతే ఈయన ఏం అమ్ముదామని నా దగ్గర బయానా పుచ్చుకున్నాడు? నేను వెనక్కి తగ్గానంటున్నాడే, అసలు ముందు ఈయన దగ్గర ఉన్నదేమిటి?"

గజ్జయ్యగారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నమలడం ఆపారు. బయానాలన్నీ తిరిగి ఇచ్చెయ్యమన్నారు. తిన్న ఇప్పపువ్వు ఎక్కణ్ణించి తెస్తాడు? దాంతో వాడు కాపురముంటున్న గుహ జప్తు చేసి ముగ్గురికీ పంచారు. పొడిగా వెచ్చగా ఉన్న లోపలి గది దూదమ్మకిచ్చారు. ఇన్నాళ్ళూ గజ్జయ్యగారు తిన్న చెరుకు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఏనుగు నోట్లోది ఎవరడుగుతారు?

వాన హోరున కురుస్తుండగా దూదమ్మ ఆ గదిలో హాయిగా ఈనింది. పిల్లలన్నీ క్షేమం. జిత్తన్న తడిసి ముద్దై, తలదాచుకునే చోటు కోసం అడవంతా తిరుగుతున్నాడు. కనపడిన ప్రతి బొరియలోకీ తొంగి చూసి, పాముందేమోనని భయపడి పారిపోతున్నాడు.

నీతి: అబద్ధమాడితే ఆడండి గానీ, దానికి మీ ఇంటి చిరునామా మాత్రం ఇవ్వకండి.