సున్నితమైన చిప్పు

మా ఊరి ఆసుపత్రికి బయోసెన్సర్ చిప్పు మంజూరైన సంగతి యావన్మంది ప్రజలకు సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది. అరచేతిలో పట్టే పెట్టె, అందులో గోరంత చిప్పు. దాని మీద ఒక్క నీటిబొట్టు వేస్తే చాలు, కలరా లాంటి ప్రాణాంతక క్రిమి ఉంటే టీ చల్లారేలోపు ఎర్రదీపం వెలుగుతుంది. లేకపోతే ఆకుపచ్చ దీపం.

దాంతో వచ్చిన కాగితంలో 'అత్యంత సున్నితమైన పరికరం' అని ఉంది. రవ్వంత క్రిమినైనా పసిగడుతుందని దాని భావం. సూపరింటెండెంటు గారు విద్యాధికులు కనుక, సున్నితమంటే సున్నితమేనని గ్రహించారు. వెంటనే చిప్పుకు చల్లటి గది, అద్దాల బీరువా, మెత్తటి దిండు ఏర్పాటయ్యాయి. మురికినీళ్లు తగిలితే తట్టుకోలేదు కనుక సీలువేసిన సీసా నీళ్లతోనే పరీక్షించవలెనని ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇక రోజూ ఆకుపచ్చ దీపమే. "మన ఊళ్లో క్రిమి అనేదే లేదని సైన్సే ఒప్పుకుంది!" అని అభినందన సభలో ఆయన గర్జించారు. మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.

అప్పటికి పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు చొప్పున పడుకున్నారు. జలుబుతో చేరిన పిల్లలకు కూడా రెండోరోజుకల్లా విరేచనాలు పట్టుకుంటున్నాయి.

"సార్, వార్డు కుళాయి నీళ్లు ఒక్క బొట్టు వేసి చూద్దాం సార్. పిల్లలు వడిలిపోతున్నారు" అని నర్సు బతిమాలింది.

"అంత సున్నితమైనదాని మీద కుళాయి నీళ్లా? నీకు మనసెలా వచ్చిందమ్మా?" అని ఆయన నొచ్చుకున్నారు.

ఆయన భోజనానికి వెళ్లగానే ఆమె బొట్టు వేసేసింది. ఎర్రదీపం వెలిగింది.

ఊరు భగ్గుమంది. కుళాయి మీద కాదు, నర్సు మీద. ఊరి పరువు నడివీధిలో పెట్టిందని మా మనోభావాలు దెబ్బతిన్నాయి. చిప్పు మనోభావాలూ దెబ్బతినే ఉంటాయని దాన్ని మరమ్మతుకు పంపారు. నర్సు చేతికి చిప్ప ఇవ్వకుండా, దయతలచి బదిలీతో సరిపెట్టారు. వెళ్తూ వెళ్తూ కూడా "కనీసం నీళ్లు కాచి పట్టండమ్మా" అని తల్లులకు చెప్పిందట. ఎంత పొగరో చూడండి!

కుళాయి నీళ్లు స్వచ్ఛమైనవేనని మేమంతా సంతకాలు చేశాం. నేనూ చేశాను. ఆ మర్నాటి నుంచి ఇంటింటా నీళ్లు కాచుకునే తాగుతున్నాం. భయపడి కాదు, గొంతులు బాగాలేక.

పిల్లల వార్డులో మాత్రం పొయ్యి లేదు.