చప్పుడుకు ముందే మిఠాయి

ఆదివారం తొమ్మిదింటికి ఇంజను మోగించాలని కజుమాస ముహూర్తం పెట్టుకున్నాడు. మూడు నెలలు షెడ్డులో కూర్చుని, తన పాత కారు రోటరీ ఇంజనుకు గాలి పీల్చే రంధ్రాలను అరగదీసి పెద్దవి చేశాడు. రంధ్రం పెరిగితే బలం పెరుగుతుంది. దాంతోపాటు చప్పుడూ పెరుగుతుంది. జపాన్‌లోని ఆ కురె ఊరి కొండవాలులోనేమో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి.

"ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ఆ కారు అమ్మిపారేస్తా!" అంది భార్య చిజురు. ఆవిడ మాటంటే మాటే.

అందుకే శనివారమే అతను ఇంటింటికీ మిఠాయి పెట్టెలు పంచి, "రేపు తొమ్మిదింటికి కాస్త చప్పుడవుతుందండీ, మన్నించాలి," అని నడుం పడిపోయేలా వంగి వంగి చెప్పాడు.

మిఠాయి తిన్నాక మర్యాద ఊరుకుంటుందా? ఎదురింటివాళ్ళు పసిబిడ్డను అమ్మమ్మగారింటికి పంపేశారు. మూలింటి టీచరమ్మ పియానో పాఠం మధ్యాహ్నానికి జరుపుకుంది. వీధి వీధంతా చప్పుడుకు సిద్ధమై కూర్చుంది.

తొమ్మిదయింది. ఇంజను కుయ్యిమంది, అంతే. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోయాయి. ఆరబెట్టి మళ్ళీ తిప్పేసరికి బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. పదింటికి గేటు ముందు జనం చేరారు.

"ఎప్పుడండీ మొదలు? బిడ్డను తెచ్చుకోవద్దూ?" అన్నాడు ఎదురింటాయన.

"చప్పుడు వినకపోతే మిఠాయి ఊరికే తిన్నట్టవుతుంది," అంది టీచరమ్మ.

కజుమాసకు తల కొట్టేసినట్టయింది. "వాలులోకి తోద్దాం, పట్టండి!" అన్నాడు.

"తోసే మోకాళ్ళు నాకు లేవు గానీ, స్టీరింగు నేను పట్టుకుంటా," అంటూ పక్కింటి ఉమెనో మామ్మ ఎక్కి కూర్చుంది. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎవరు కాదంటారు?

అందరూ కలిసి తోశారు. నాలుగిళ్ళు దాటాక ఇంజను ఢబఢబమని లేచింది. వీధంతా చప్పట్లు కొట్టింది.

"ఇక ఆపండి మామ్మగారూ!"

కారు ఆగలేదు. మలుపు తిరిగి, కొండెక్కి, మాయమైంది. అరగంట తర్వాత తిరిగొచ్చింది. మామ్మ జుట్టు రేగిపోయింది, ముఖం వెలిగిపోతోంది.

"నాదొక ఫిర్యాదు," అంది దిగుతూనే.

గుమ్మంలో చిజురు చేతులు కట్టుకుంది. కజుమాస చేతులు జోడించాడు. "మీకు పుణ్యముంటుంది మామ్మగారూ, ఊరుకోండి!"

"ఎందుకూరుకుంటాను? ఎత్తెక్కేటప్పుడు బలం చాలటం లేదు. ఆ రంధ్రాలేవో ఇంకాస్త అరగదియ్యి బాబూ!"

"ఫిర్యాదు ఫిర్యాదే. కారు అమ్మేస్తున్నాం," అంది చిజురు.

"అయితే నేనే కొంటా. పని మాత్రం ఇతనే చెయ్యాలి," అంది మామ్మ.

ఏడవాలో నవ్వాలో తెలియక కజుమాస పకపకా నవ్వేశాడు. ఇంకా అరగదియ్యమని అడిగిన మనిషి జన్మలో మొదటిసారి దొరికింది మరి.

మరుసటి శనివారం చిజురు తలుపు తీసేసరికి, ఉమెనో మామ్మ మిఠాయి పెట్టెతో నడుం వంచి నిలబడి ఉంది.