పొయ్యి దగ్గరికి నడిచొచ్చిన మేకులు

ఆ రోజు పొద్దున్న వెల్విన్న పెట్టుకున్న పని ఒక్కటే, మజ్జిగ చిలికి వెన్న తియ్యడం. బయట వాన పడుతోంది. మా దీవిలో వాన పడుతోందని ప్రత్యేకంగా చెప్పడం అనవసరమే కానీ, ఈ కథకు ఆ వానతో పని ఉంది. కవ్వం చేతికి తీసుకునే ముందు ఆమె పొయ్యిలో రెండు కట్టెలు ఎగదోసింది. ఆ పొయ్యి సంగతి కూడా ముందే చెప్పాలి. ఆమె అత్తగారి అత్తగారు రాజేసిన నిప్పు అది. ఇంతవరకు ఆరలేదు. రోము సైన్యం మొదటిసారి ఊరి మీదికి వచ్చిన ఏడు, అప్పటికి కొత్త కోడలైన వెల్విన్న ఆ నిప్పును కుండలో పెట్టి, బూడిద కప్పి, గుండెలకు హత్తుకుని కొండ దాటి పరుగెత్తింది. గొడవలు సద్దుమణిగాక అదే కుండతో తిరిగొచ్చింది. కాలిన మచ్చలు చేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. "ఇంకోసారి నేను ఈ గుమ్మం వదిలేది లేదు, ఎవరొచ్చినా సరే" అని ఊళ్ళో అందరికీ చెప్పింది. కొందరికి రెండుసార్లు చెప్పింది.

వెన్న తియ్యడం అయ్యాక తలుపు తీసేసరికి గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఒక కర్ర నిలబడి ఉంది. మనిషి ఎత్తు, అడుగున ఇనప మొన, నెత్తిన అడ్డంగా రెండు బద్దలు, ఆ బద్దల నాలుగు కొసల నుంచి నాలుగు దారాలు, దారాల చివర సీసపు గుండ్లు. చుట్టుపక్కల నరమానవుడు లేడు.

"ఎనికా, ఇటు రావే! సైనికుల దేవుడొచ్చి మన వాకిట్లో నిలబడ్డాడు" అని కోడల్ని కేకేసింది.

ఎనికా చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఆయనేనంటావా అత్తా?"

"కర్రలకు మొక్కేది ఇంకెవరే?"

ఇందులో వెల్విన్న తెలివితక్కువతనం ఏమీ లేదు. రోము సైనికులకు దండుకొక కర్ర ఉంటుందనీ, దాని మీద గద్ద బొమ్మో చెయ్యి బొమ్మో ఉంటుందనీ, పండగలకు దానికి నూనె రాసి పూలు కడతారనీ దీవిలో పందులు కాసేవాళ్ళకు కూడా తెలుసు. కొండకవతలి ఊళ్ళో ఒకాయన చూసుకోక అలాంటి కర్ర మీద తడి లాగు ఆరేశాడు. సైనికులు ఊరి ధాన్యమంతా ఎత్తుకుపోయారు, ఆ చలికాలమంతా ఆ ఊరు గంజి తాగి బతికింది.

"పాపం, తడిసి ముద్దయిపోయాడే" అంది వెల్విన్న. "ఎండ దేశం నుంచి వచ్చినవాడు. ఈ వానకు తట్టుకుంటాడా?"

ఒంటి మీది కంబళి తీసి కర్రకు కప్పింది. అతిథి కదా, అప్పుడే తీసిన వెన్నలోంచి పిడికెడు ముద్ద నెత్తిన పెట్టింది. దారాలు గాలికి చిందరవందరగా ఊగుతుంటే ఎనికాకు చూడబుద్ధి కాక, నాలుగింటినీ కలిపి చక్కగా జడ అల్లి, చివర ఎర్రకాయల గుత్తి ముడివేసింది. సీసపు గుండ్లు అడ్డమొస్తుంటే విప్పి జాగ్రత్తగా గుమ్మం పక్కన పెట్టింది.

అప్పుడు వెల్విన్న కంటికి మేకులు కనబడ్డాయి. కర్ర దగ్గర మొదలుపెట్టి కొండవాలు పొడుగునా, తెల్లగా చెక్కిన మూరెడేసి కొయ్య మేకులు వరసగా నేలలో దిగి ఉన్నాయి. అన్నింటికీ తలమీద ఎర్రరంగు పూసి ఉంది.

"అయ్యో, పిల్లలు కూడానా!" అంది.

ఇద్దరూ కొండెక్కి పద్నాలుగు మేకులూ ఒక్కొక్కటే పెరికి, చెంగులో వేసుకుని తెచ్చి, మట్టి కడిగి, పొయ్యి చుట్టూ ఆరబెట్టారు. పొయ్యి పక్కన ఎప్పుడూ పడుకునే ముసలి పెద్దబాతు వాటికి చోటివ్వాల్సి వచ్చి విసుగ్గా అరిచింది. ఈలోగా ఊరు కదిలింది. ఒకరు జున్ను తెచ్చారు, ఒకరు నీలం దారం కట్టారు, ఒక ముసలాయన బార్లీ కల్లు కర్ర మొదట్లో పోసి, అంతా పొయ్యడానికి మనసొప్పక సగం తాగాడు. ఇరవైమంది వానలో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అదుగో, అప్పుడు వచ్చాడు మతుగెన్. ఊరికి పెద్ద. రోము వాళ్ళు వచ్చాక మీసం తీసేసి, పేరు చివర ఒక తోక తగిలించుకుని మతుగెనుస్ అయ్యాడు. ఒంటి నిండా పదహారు మూరల తెల్లబట్ట చుట్టుకుని, బురదలో రెండుసార్లు జారి, దానిలో సగం తెలుపు పోగొట్టుకుని వచ్చాడు. ఆయన గుణం మంచిదే. కొత్తగా ఇంటి పక్కన వేన్నీళ్ళ స్నానశాల కట్టించుకున్నాడు, అదొక్కటే ఆయన గర్వం. ఆ ఉదయం కొలతల దొర సెలెరీనుస్‌నూ ఆయన సైనికులనూ స్నానానికి పిలిచాడు. వాళ్ళు కర్ర వదిలేసి పోయింది అందుకే.

"వెల్విన్నా! ఏం చేశావే తల్లీ! అది దేవుడు కాదు, దారి కొలిచే కర్ర!"

"గద్ద బొమ్మది కూడా కర్రేగా. దానికి నూనె రాస్తారుగా."

మతుగెన్ గొంతు తగ్గించాడు. "పది రోజులుగా నీకొక మాట చెబుదామని వస్తున్నాను. వచ్చినప్పుడల్లా నువ్వు జున్ను పెట్టావు, నేను చెప్పలేకపోయాను. వాళ్ళు రాళ్ళ దారి వేస్తున్నారు. వాళ్ళ దారి తిన్నగా పోతుంది. కొండైనా, వాగైనా తిన్నగానే. అది నీ గుమ్మంలోంచి వచ్చి, పొయ్యి మీదుగా, వెనక గోడలోంచి పోతుంది. ఎల్లుండి ఇల్లు తీసేస్తారు."

వెల్విన్న ఏడవలేదు, అరవలేదు. తన రెండు చేతుల మీది మచ్చలు ఒకసారి చూసుకుంది. తరవాత కర్ర వైపు తిరిగి, "విన్నావా నాయనా? నీకు కంబళి కప్పినదాన్ని. మీవాళ్ళకు ఒక మాట చెప్పు" అంది.

"దానికి చెప్పకు! మేకులేవీ?" అన్నాడు మతుగెన్.

"లోపల ఆరుతున్నాయి."

మా ఊరివాళ్ళు ఒక్క మేకు కూడా ముట్టుకోరు, ముట్టుకుంటే పూచీ నాది అని మతుగెన్ సెలెరీనుస్‌కు మాటిచ్చి ఉన్నాడు. "పాతెయ్యండి! మళ్ళీ ఎక్కడివక్కడ పాతెయ్యండి!"

"ఏది ఎక్కడిదో ఎవరికి గుర్తు?" అంది ఎనికా. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గుంటలన్నీ నీళ్ళతో నిండిపోయాయి."

అంతలోనే దొర రానే వచ్చాడు. సెలెరీనుస్ ఎండ దేశమైన హిస్పానియా నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళుగా ఆయన సాక్సులు ఆరలేదు. ఇక్కడి మాట నేర్చుకున్నాడు కానీ చలి నేర్చుకోలేకపోయాడు. వేన్నీళ్ళ స్నానం చేసి జీవితంలో మొదటిసారిగా సంతోషంగా తిరిగొస్తున్నాడు. వాకిట్లోకి వచ్చి ఆగిపోయాడు. తన కర్రకు కంబళి. నెత్తిన వెన్న. దారాలకు జడ. చుట్టూ జనం తలలు వంచుకుని ఉన్నారు. వెనక్కి తిరిగి కొండ చూశాడు. మూడు వారాల పని, ఒక్క మేకు లేదు.

"మేకులు తీసింది ఎవరు?"

"ఎవరూ తియ్యలేదు దొరా" అన్నాడు మతుగెన్, తన పూచీ గుర్తొచ్చి. "మా ఊళ్ళో ఎవరూ ముట్టుకోలేదు. నా తల మీద ఒట్టు."

సెలెరీనుస్ గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాడు. పద్నాలుగు మేకులూ పొయ్యి చుట్టూ గుండ్రంగా చేరి చలి కాచుకుంటున్నాయి. మధ్యలో ఒక పెద్దబాతు కూర్చుని ఆయన వైపే చూస్తోంది.

"మరి లోపలికెలా వచ్చాయి?"

తీసినవాళ్ళు భయంతో పలకలేదు, చూసినవాళ్ళు తీసినవాళ్ళ మీద ప్రేమతో పలకలేదు.

వెనక నిలబడ్డ సైనికుల్లో తల నెరిసినవాడొకడు మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "దొరా, నేను ముందే అనుకున్నా. రెండు కంచరగాడిదలు కుంటివైపోయాయి. చేపల పులుసు జాడీ దానంతటదే పగిలింది. రొట్టెలన్నీ బూజు పట్టాయి. ఈ చోటికి ఎవరో దేవుడున్నాడు. ఆయన్ను అడక్కుండా మనం మేకు కొట్టాం. ఆయన వాటిని పిలిచాడు. అవి నడిచొచ్చాయి."

రొట్టెలు బూజు పట్టడానికి మా వాన చాలు, దేవుడక్కర్లేదు. కానీ ఒకటి తెలుసుకోవాలి. రోము వాళ్ళు మనుషులకు భయపడరు, రాజులకు భయపడరు, కొత్త చోటి దేవుళ్ళకు మాత్రం లోలోపల వణుకుతారు. ప్రతి చెట్టుకూ ప్రతి ఊటకూ ఎవడో ఒకడు ఉంటాడనీ, వాడి పేరు తెలియకుండా కాలు పెడితే కాలు తీసేస్తాడనీ వాళ్ళ నమ్మకం. సైనికులు ఒక్కొక్కరే ఇనప టోపీలు తీశారు.

సెలెరీనుస్ గొంతు తగ్గించి వెల్విన్నను అడిగాడు. "అవ్వా, ఈ దేవుడి పేరేమిటి?"

వెల్విన్న ఆశ్చర్యపోయింది. వాళ్ళ దేవుడి పేరు తననడుగుతాడేమిటి? "మీకు తెలియనిదా దొరా?" అంది.

సెలెరీనుస్ ముఖం పాలిపోయింది. నోటితో పలకరాని పేరన్నమాట. "ఆయన ఎప్పుడొచ్చాడు ఇక్కడికి?"

"పొద్దున్న తలుపు తీసేసరికే ఉన్నాడు."

సైనికులు మరో అడుగు వెనక్కి వేశారు.

"ఆయనకు ఏం కావాలట?"

ఇది మాత్రం వెల్విన్నకు బాగా తెలుసు. "ఏం అడుగుతాడు నాయనా. నెత్తిన గొడుగు లేకుండా వానలో నిలబెట్టారు. కాస్త వెచ్చగా ఉండనిస్తే చాలు. ఈ పొయ్యి నాలుగు తరాలుగా ఆరలేదు. ఇది ఆరితే ఆయనా ఉండడు, నేనూ ఉండను."

సెలెరీనుస్ ఆ పొయ్యి వైపు చూశాడు. ఆయన ఇంట్లో కూడా, హిస్పానియాలో, అమ్మ ప్రతి పొద్దున్నా పొయ్యికి మొక్కి మొదటి ముద్ద నిప్పులో వేసేది. ఆయన ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. "దారి ఈ ఇంటి జోలికి రాదు" అన్నాడు.

ఎనికా అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయితే ఎటు పోవాలి?" అన్నాడు తల నెరిసిన సైనికుడు. "ఆయన్నే అడగాలి దొరా. శకునం చూడాలి. మన శకునం కోళ్ళు జలుబు చేసి చచ్చాయి కదా. ఈయన గుడిలో పక్షి ఉందిగా?"

అందరూ పెద్దబాతును చూశారు. రోములో ఒకప్పుడు శత్రువులు గోడెక్కుతుంటే పెద్దబాతులు అరిచి నగరాన్ని కాపాడాయట, అందుకని వాళ్ళకు వాటి మీద భక్తి. మా దీవిలో పెద్దబాతును కొయ్యడం పాపం. రెండు జాతుల వాళ్ళూ ఒక్క మాట మీదున్నది ఈ ఒక్క సంగతిలోనే. సెలెరీనుస్ రెండు చేతులతో దాన్ని ఎత్తి, దణ్ణం పెట్టి, వాకిట్లో వదిలాడు.

పెద్దబాతు రెక్కలు దులుపుకుంది. వెన్న ముద్దను ఒకసారి పైకి చూసింది. తరవాత ఏ తొందరా లేకుండా, కొండవాలు వదిలేసి, ఎడంపక్కకు తిరిగి నడక మొదలుపెట్టింది. ఊరంతటికీ అది ఎక్కడికి పోతుందో తెలుసు. మతుగెన్ స్నానశాలలోంచి గోరువెచ్చని నీళ్ళు కాలవలోకి వదులుతారు. రోజూ ఈ వేళకు అది ఆ కాలవలో కూర్చుని ఒళ్ళు కడుక్కుంటుంది.

మతుగెన్‌కు కూడా తెలుసు. పదహారు మూరల బట్ట పైకెత్తి ముందుకు దూకాడు. "హుష్! హుష్! ఇటు కాదే, అటు పో!"

ఇద్దరు సైనికులు ఆయన్ను చెరో రెక్కా పట్టుకున్నారు. "శకునానికి అడ్డు రాకూడదు పెద్దాయనా."

"అది శకునం కాదు దొరా! అది రోజూ అక్కడికే పోతుంది!"

"రోజూనా?" సెలెరీనుస్ వెనక్కి తిరిగాడు. "అదే చోటికి?"

"రోజూ! వానొచ్చినా మంచు పడినా అక్కడికే!"

"మరి ఇంతకన్నా గట్టిగా ఏ దేవుడు చెబుతాడయ్యా?" అన్నాడు సెలెరీనుస్.

అందరూ పెద్దబాతు వెనక వరసగా నడిచారు. అది స్నానశాల పక్కనున్న కాలవలో దిగి, తృప్తిగా కళ్ళు మూసుకుంది. సైనికులు అక్కడ మేకు కొట్టారు. మతుగెన్ ఆ మేకును చూస్తూ బురదలో కూర్చుండిపోయాడు. కాసేపటికి వెల్విన్న వచ్చి ఆయన చేతిలో జున్ను ముక్క పెట్టింది. ఆయన ఎప్పటిలాగే తిన్నాడు.

దారి వేశారు. తూర్పు సముద్రం నుంచి మా ఊరి దాకా బాణం వేసినట్టు తిన్నగా వస్తుంది, వెల్విన్న ఇల్లు కనబడగానే మర్యాదగా పక్కకు తప్పుకుని, ఒకప్పుడు స్నానశాల ఉన్న చోటి మీదుగా పోయి, మళ్ళీ తిన్నగా పోతుంది. వంపు దగ్గర సెలెరీనుస్ చిన్న రాతి పీఠం పెట్టించాడు. "ఇక్కడి దేవుడికి, ఆయన ఎవరైనా సరే" అని దాని మీద చెక్కించాడు. సైనికులు దానికి ఊరి దేవుడని మొక్కుతారు, ఊరివాళ్ళు సైనికుల దేవుడని మొక్కుతారు. ఒకరి దేవుడికి మర్యాద చేశామన్న తృప్తి ఇద్దరికీ ఉంది.

దండు కదిలిపోయే రోజు సెలెరీనుస్ ఒంటరిగా వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని సాక్సులు ఆరబెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళలో అవి మొదటిసారి ఆరాయి. లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"అవ్వా, నాకు ఒక్కడికే చెప్పు. మేకులు నిజంగా నడిచొచ్చాయా?"

వెల్విన్న కవ్వం ఆపలేదు. "అంత వాన పడుతుంటే ఎవరైనా లోపలికి రాకుండా ఉంటారా నాయనా?"

సెలెరీనుస్ తలూపి వెళ్ళిపోయాడు. మతుగెన్ మీసం మళ్ళీ పెంచాడు. ఆ చలికాలమంతా ఆయనా పెద్దబాతూ ఒకే వాగులో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, చన్నీళ్ళ స్నానం చేశారు.